మహమ్మారి తరువాత మన ఊళ్లలో పని నడక ఎక్కడికి పోయింది?

గిరిరోడ్డు బాటసారి (బరంపురం)

సభ్యులందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ఒక సంగతిని ఇక్కడ పెడుతున్నాను. 2020 మార్చికి ముందు నేను రోజుకు ఎంత దూరం నడిచేవాడినో నాకు తెలియదు, ఎందుకంటే దానిని నడక అని లెక్కవేసుకునే అలవాటే అప్పట్లో లేదు. పొద్దున్నే పాలకు వీధి చివరిదాకా, తరువాత సంచీ పట్టుకుని బడా బజారుకు, పది గంటలకు బట్టల దుకాణంలో లెక్కలు రాయడానికి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్లీ దుకాణానికి, సాయంత్రం తిరిగి వస్తూ దారిలో ఎవరో ఒకరి అరుగు మీద కాసేపు. ఇదంతా కాళ్లతోనే జరిగిపోయేది. దానికి బూట్లు లేవు, లెక్క లేదు, పేరూ లేదు.

ఇప్పుడు నాకు బూట్లు ఉన్నాయి. అడుగులు లెక్కపెట్టే పట్టీ చేతికి ఉంది. ఉదయం అయిదున్నరకు కాలేజీ మైదానంలో నలభై నిమిషాలు క్రమం తప్పకుండా నడుస్తున్నాను. అయితే కూరలు బండి మీద గుమ్మం ముందుకే వస్తున్నాయి, పాల ప్యాకెట్లు గేటుకు తగిలించిన సంచీలో పడుతున్నాయి, దుకాణానికి స్కూటరు మీద వెళ్తున్నాను, మధ్యాహ్నం అన్నం డబ్బాలో తీసుకుపోతున్నాను. ఈ అలవాట్లన్నీ 2020 వేసవిలో భయం కొద్దీ మొదలుపెట్టినవే. భయం పోయింది, అలవాట్లు మిగిలిపోయాయి.

మా పెద్దవాళ్లు పని మీద పోవడం వేరు, వాహ్యాళికి పోవడం వేరు అన్నట్టు మాట్లాడేవారు. వాహ్యాళి అంటే తీరికున్న వాళ్ల వ్యవహారం. కరోనా మన దగ్గర నుంచి పని నడకను పట్టుకుపోయి, దాని బదులు వాహ్యాళిని చేతిలో పెట్టి వెళ్లిందని నా అనుమానం. మీ ఊళ్లలో ఎలా ఉందో చెప్పండి. మన ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వారే కాక, అటు మహారాష్ట్రలో చాందా, షోలాపూర్ వైపు మన తెలుగువాళ్లు కూడా రాయాలని కోరుతున్నాను. ఆరోగ్య సూత్రాలు మాత్రం వద్దు, అవి ఫోనులో రోజూ వస్తూనే ఉన్నాయి.

అంకెలవాడు (రాయగడ)

బాటసారి గారూ, మీ అనుమానానికి ఆధారం ఉంది. అమెరికాలోని 10 మహానగర ప్రాంతాలలో 16 లక్షల 20 వేల మంది ఫోను వాడకందారుల కదలికలను, వారి పేర్లు తెలియకుండా, పరిశోధకులు పరిశీలించారు. 2020 ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ చివరి దాకా వారు ఎప్పుడు నడిచారు, ఎంత దూరం నడిచారు అన్నది చూసి, ఒక్కొక్క నడకను పని మీద నడిచినదా, ఊరికే నడిచినదా అని రెండుగా విడగొట్టారు. మీరు చెప్పిన విభజనే అన్నమాట. ఆంక్షలు పెట్టగానే రెండూ పడిపోయాయి. ఆంక్షలు సడలించిన తరువాత ఊరికే నడిచే నడక కోలుకుని, మునుపటి మట్టాన్ని కూడా దాటింది. పని మీది నడక మాత్రం లేవలేదు. దెబ్బ ఎక్కువగా తగిలింది ఆదాయం తక్కువ ఉన్న పేటలకు, బస్సులూ రైళ్లూ ఎక్కువగా వాడే పేటలకు. బస్సు ఎక్కే మనిషి బస్టాపు దాకా నడుస్తాడు కాబట్టి, బస్సు ఆగితే ఆ నడకా ఆగిపోతుంది.

ప్రపంచం మొత్తం మీద చేసిన ఇంకొక లెక్క కూడా ఉంది. 187 దేశాలలో నాలుగున్నర లక్షల మందికి పైగా వాడుతున్న ఒక ఫోను యాప్ నుంచి అడుగుల సంఖ్య తీశారు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించిన తరువాత 10 రోజులలో సగటు అడుగులు 5.5 శాతం, 30 రోజులలో 27.3 శాతం తగ్గాయి. 27.3 శాతం అంటే మనిషికి రోజుకు 1,432 అడుగులు. గట్టిగా తలుపులు వేసుకున్న ఇటలీలో తగ్గుదల ఎక్కువగా 48.7 శాతం దాకా వెళ్లగా, అంతగా మూయని స్వీడన్‌లో 6.9 శాతం దగ్గర ఆగింది.

అయితే ఇవన్నీ ఫోను జేబులో పెట్టుకుని నడిచేవారి లెక్కలు. మన ఊళ్లకు వీటిని యథాతథంగా తగిలించకూడదు.

పంతులమ్మ (పర్లాకిమిడి)

అంకెలవాడు గారు చివర అన్న మాట దగ్గరే నేను మొదలుపెడతాను. మా ఇంట్లో ఫోను బల్ల మీద ఉంటుంది, నేను వంటింటికీ పెరటికీ మేడకూ మధ్య ఉంటాను. నా అడుగులు ఏ లెక్కలోనూ పడవు. లాక్‌డౌన్‌లో మా వారి అడుగులు తగ్గాయి, నిజమే. నలుగురూ నాలుగు పూటలా ఇంట్లోనే ఉంటే నా అడుగులు తగ్గాయా, పెరిగాయా? ఏ యాప్‌ను అడగాలి?

ఇక మేడ నడక సంగతి. మహేంద్రతనయ నది గట్టు వైపు వెళ్లడం మానేసిన రోజులలో మా వీధిలో మగవాళ్లూ ఆడవాళ్లూ సాయంత్రం మేడలెక్కారు. మా మేడ పొడవు 40 అడుగులు, వెడల్పు 25 అడుగులు. అంచు వెంబడి ఒక చుట్టు తిరిగితే 130 అడుగులు, అంటే ఒక కిలోమీటరు కావాలంటే 25 చుట్లు పైన తిరగాలి. పదో చుట్టు దాటాక లెక్క తప్పుతుంది. అందుకని మా అత్తగారు ఒక ఉపాయం చెప్పారు. పిట్టగోడ మీద ఒక చివర 25 చింతపిక్కలు పెట్టి, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి తీసి రెండో చివరన ఉన్న కొబ్బరి చిప్పలో వేసేవాళ్లం. చిప్ప నిండితే కిలోమీటరు. పక్క మేడ మీద పిల్లలు మా పిక్కల శబ్దం విని, "అత్తా, ఈరోజు ఎన్ని?" అని అరిచేవారు. మొట్టమొదటిసారి నా నడకకు ఒక లెక్క దొరికింది, అదీ చింతపిక్కలలో.

వాహ్యాళి గురించి బాటసారి గారు అన్నదానికి ఒక్క చేర్పు. ఆడవాళ్లకు మా ఊళ్లో ఒంటరి వాహ్యాళి అన్నది మునుపు లేదు. ఏదో ఒక పని చేతిలో ఉంటేనే బయటికి వెళ్లాలి. సంచీ మాకు అనుమతి పత్రం లాంటిది. కరోనా తరువాత ఉదయం పూట నలుగురైదుగురు ఆడవాళ్లం చేతిలో సంచీ లేకుండా రోడ్డు మీద నడుస్తున్నాం, ఎవరూ ఏమీ అనడం లేదు. "డాక్టరు నడవమన్నారు" అన్న మాట ఆ సంచీ బదులు పనికి వస్తోంది. మీకు పోయినదాని గురించి మీరు రాశారు. మాకు వచ్చినది కూడా కొంచెం ఉంది.

చాందా వాసి (చంద్రపూర్)

మా వైపు నడకకు మొదటి శత్రువు కరోనా కాదు, ఎండ. మేలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలు సంగతి, కాబట్టి ఏడు లోపల నడిచి ఇంట్లో పడాలి. ఇప్పుడు ఒకటి గుర్తు చేసుకోండి. 2020 మే 4 నుంచి కేంద్ర హోం శాఖ ఉత్తర్వుల ప్రకారం సాయంత్రం 7 నుంచి ఉదయం 7 దాకా అత్యవసరం కాని పని మీద ఎవరూ బయట తిరగకూడదు. అంటే మనిషి నడవగలిగిన వేళలన్నీ నిషిద్ధం, నిషిద్ధం కాని వేళ మనిషి నడవలేడు. ఆ నెలంతా బల్లార్షా వైపు ఉన్న మా చుట్టాలు, నేను, ఫోనులో ఇదే మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. నవ్వడానికి అంతకంటె వేరే ఏమీ లేదు కూడా.

జూన్ 1 నుంచి ఆ వేళను రాత్రి 9, ఉదయం 5 గా మార్చారు. మహారాష్ట్రలో జూన్ 3 నుంచి నడకకు, పరుగుకు, సైకిలుకు ఉదయం 5 నుంచి సాయంత్రం 7 దాకా బహిరంగ స్థలాలలో అనుమతి ఇచ్చారు. అయిదు గంటలకు రోడ్డు మీదికి వచ్చిన మొదటి రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూతికి గుడ్డ, మనిషికీ మనిషికీ మధ్య దూరం, ఎదురైనవాడిని చూసి రోడ్డు అవతలికి తప్పుకోవడం. పదేళ్లుగా ఎదురుపడుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి అవతలి వైపుకు దాటాడు. నాకు కోపం రాలేదు, అప్పటికే నేనూ సగం దాటేశాను.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది, బయటివాళ్లు నమ్మరు. చాందా చుట్టూ అడవి ఉంది, ఊరి అంచులలో పులులు, చిరుతలు తిరుగుతాయి. అందుకని ఊరి అంచు వైపు నడవడానికి మాకు ఏ రోజూ ధైర్యం లేదు. నడక అంటే రామాలా చెరువు వైపు గాని, నలుగురూ ఉన్న తోటలోకి గాని. తోటలు మూస్తే నడక లేదు. ఇలాంటి ఊళ్లో పార్కు గేటుకు వేసిన తాళం కాళ్లకు వేసిన తాళమే.

ఎదురుమాట (ఛత్రపురం)

అందరూ కరోనా మీదికి తోసేస్తున్నారు గాని, నిజం చెప్పుకుందాం. బడా బజారుకు సంచీతో నడవడం 2020కి ముందే పోయింది. బరంపురంలో పదిహేనేళ్ల క్రితం వీధికి ఎన్ని స్కూటర్లు ఉండేవి, 2019లో ఎన్ని ఉండేవి? గుమ్మం ముందు బండి నిలబెట్టుకున్నవాడు నడవడు. దీనికి వైరస్ అక్కర్లేదు, నెలవారీ వాయిదా చాలు. కరోనా పని నడకను చంపలేదు, మంచాన పడ్డదాన్ని చూసి చనిపోయిందని చెప్పింది.

గిరిరోడ్డు బాటసారి (బరంపురం)

ఎదురుమాట గారూ, స్కూటర్ల మాట ఒప్పుకుంటాను. కాని ఒక తేడా ఉంది. 2019లో నా దగ్గరా స్కూటరు ఉండేది. అయినా బజారుకు నడిచే వెళ్లేవాడిని, ఎందుకంటే బడా బజారు సందులలో దానిని నిలపడానికి చోటు ఉండదు, బేరం చేయడానికి నాలుగు దుకాణాలు తిరగాలి, దారిలో పలకరించవలసినవాళ్లు ఉంటారు. ఆ నడకకు మూడు నాలుగు కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. 2020లో ఆ ముళ్లన్నీ ఒక్కసారే ఊడిపోయాయి.

గంజాం సంగతి బయటివారికి తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం చెబుతాను. మా జిల్లా వాళ్లు లక్షల మంది సూరత్ మరమగ్గాల మీద పని చేస్తారు. 2020 మే నెలలో రైళ్లు వేసి వాళ్లను తీసుకువచ్చినప్పుడు పల్లెల్లో బడులన్నీ క్వారంటైను కేంద్రాలయ్యాయి. జూన్, జూలై వచ్చేసరికి రాష్ట్రంలో కేసులు ఎక్కువ ఉన్న జిల్లా మాదే. శని, ఆదివారాలు మూత. ఆ తరువాత జూలై 17 నుంచి 31 దాకా గంజాం, ఖుర్దా, కటక్, జాజ్‌పూర్ జిల్లాలు, రూర్కెలా నగరం మొత్తం మూత. వీధి చివర వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. మా సందు నుంచి బజారుకు నడిచే దగ్గరి దారి ఆ వెదుళ్ల వెనక ఉండిపోయింది. చుట్టు తిరిగి వెళ్దామంటే అక్కడా వెదుళ్లే.

ఆ రోజుల్లో నడిచే మనిషిని చూస్తే జనానికి అనుమానం. ఎక్కడి నుంచి వస్తున్నాడు, ఎవరింటికి వెళ్తున్నాడు, దగ్గుతున్నాడా? స్కూటరు మీద పోయేవాడు క్షణంలో దాటిపోతాడు, వాడిని ఎవరూ అడగరు. నడిచేవాడు ప్రతి గుమ్మం ముందు నుంచీ నెమ్మదిగా పోవాలి. గుమ్మాలలో కూర్చున్నవాళ్లు లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకోవడం నేను చూశాను. అరుగులు అప్పుడు ఖాళీ అయ్యాయి, వాటి మీద ఇప్పుడు పూల కుండీలు ఉన్నాయి. కుండీల మధ్య ఎవరు కూర్చుంటారు? స్కూటరు వాయిదా ఈ పని చేయలేదండీ.

నూలుపోగు (షోలాపూర్)

ఈ చర్చ చదువుతూ ఉంటే మా అమ్మ గుర్తుకు వచ్చింది. షోలాపూర్ తూర్పు భాగంలో మన తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాల మీద పని చేస్తారు. మా అమ్మ ముప్ఫై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆకు, తంబాకు తెచ్చుకోవడానికి, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆమె నెత్తిన బుట్టతో బీడీ కంపెనీ బ్రాంచికి నడిచి వెళ్లి వచ్చేది. పోను ఒక గంట, రాను ఒక గంట. ఆ నడక ఆమెకు కష్టమే. కాని అదే ఆమెకు ఊరు కూడా. దారిలో ఇంకో ఆరుగురు కలిసేవాళ్లు, వాళ్ల ఇళ్ల సంగతులన్నీ బ్రాంచికి చేరేలోపు తెలిసిపోయేవి.

2020 మార్చి 25 నుంచి బ్రాంచి మూతపడింది, మగ్గాలు ఆగిపోయాయి. మా ఇంట్లో ఒక్కసారిగా ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. మూడు నాలుగు వారాలకు అమ్మ మోకాళ్లు పట్టేశాయి. రోజూ రెండు గంటలు నడిచినప్పుడు నొప్పి అనని మనిషి, కూర్చున్నందుకు నొప్పి అంది. మేడ ఎక్కి తిరగమని నేను చెబితే, "పని లేకుండా తిరగడానికి నాకేమైనా పిచ్చా?" అంది. ఆమె దృష్టిలో ఊరికే నడవడం తిండి దండగ. ఇక్కడ వాహ్యాళి అన్న మాట చూసి ఆమెకు చదివి వినిపించాను. నవ్వింది.

తరువాత పని మొదలైంది, ఆటోలు లేవు, ఉన్నా కిరాయి రెండింతలు. కాబట్టి మా పేటలో 2020 వానాకాలంలో పని నడక పెరిగింది, తగ్గలేదు. అంకెలవాడు గారు చెప్పిన లెక్కలో పేద పేటల నడక ఎక్కువగా తగ్గిందని ఉంది. మా దగ్గర ముందు పూర్తిగా ఆగిపోయి, తరువాత ఇష్టం లేకపోయినా రెండింతలైంది. రెండూ కష్టమే. నడక పెరిగితే మంచిది అని అనుకునేవాళ్లు ఏ నడక అన్నది ముందు అడగాలని నా కోరిక.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. రెండు సందేశాలు టీకాల వాదనలోకి వెళ్లినందున తొలగించాను. నడక మీదనే ఉండవలసిందిగా మనవి.

తెల్లకోటు (బరంపురం)

నేను ఫిజియోథెరపీ చేస్తాను. ఆరోగ్య సూత్రాలు వద్దని బాటసారి గారు ముందే హెచ్చరించారు కాబట్టి సూత్రాలు చెప్పను, నేను చూసినది చెబుతాను. మహమ్మారి కాలంలో నడకకు మూడో పని ఒకటి వచ్చింది. పని నడక కాదు, వాహ్యాళి కాదు, పరీక్ష.

2021 ఏప్రిల్‌లో రెండో కెరటం లేచినప్పుడు, ఇంట్లోనే ఉండి కోలుకుంటున్నవారి కోసం ఆరు నిమిషాల నడక పరీక్షను విస్తృతంగా ప్రచారం చేశారు. మహారాష్ట్ర ఆరోగ్య శాఖ దీనిని బాగా జనంలోకి తీసుకువెళ్లింది. వేలికి ఆక్సీమీటరు పెట్టి అంకె చూడాలి. ఆ తరువాత దానిని తీయకుండా గదిలో చదునైన నేల మీద ఆరు నిమిషాలు ఆగకుండా నడవాలి. మళ్లీ అంకె చూడాలి. అరవై దాటినవారికి మూడు నిమిషాలు చాలు. నడిచాక అంకె 93 కంటె దిగినా, మొదటి అంకె కంటె 3 శాతానికి పైగా పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి బయలుదేరాలి. కూర్చున్నప్పుడు మామూలుగా కనిపించే ఊపిరితిత్తుల లోటు నడిపించినప్పుడు బయటపడుతుంది, అందులోని కిటుకు అదే.

మా నాన్నగారిని నేనే నడిపించాను. మా ఇంటి వసారా పన్నెండు అంగలు. గడియారం నా చేతిలో, ఆక్సీమీటరు ఆయన వేలికి. ఆయన ఆ వసారాలో నలభై ఏళ్లు నడిచారు, ఏనాడూ చూసి నడవలేదు. ఆ రోజు మాత్రం ప్రతి అంగా నేలను చూసుకుని వేశారు. మూడు నిమిషాలు అయ్యేసరికి 96 నుంచి 95కు వచ్చింది. "పాసయ్యానా?" అని అడిగారు. పాసయ్యారని చెప్పాను. ఆయన ఇప్పటికీ ఉదయం నడిచి వచ్చి వేలు చాపుతారు. ఆక్సీమీటరు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, అయినా వేలికి పెడతాను.

నా దగ్గరికి వచ్చే వాళ్లలో ఇదే చూస్తున్నాను. అడుగుల పట్టీ పెట్టుకుని పది వేలు కాలేదని బాధపడేవారు చాలామంది. ఆ పది వేల సంఖ్య వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల యంత్రం పేరులో ఉన్నది. అమెరికాలో 16,741 మంది పెద్దవయసు ఆడవారిని పరిశీలించి 2019లో వెలువరించిన ఒక అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటె 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి, 7,500 దగ్గర ఆ లాభం ఇక పెరగలేదు. బాటసారి గారు మునుపు బజారుకు, దుకాణానికి తిరిగిన తిరుగుడు ఇందులో ఎంత భాగమో ఆయనే అంచనా వేసుకోవచ్చు. సూత్రం చెప్పనన్నాను, చెప్పేశాను. క్షమించాలి.

పంతులమ్మ (పర్లాకిమిడి)

తెల్లకోటు గారి నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నూలుపోగు గారి అమ్మగారు అన్న మాట నన్ను వదలడం లేదు. పని లేకుండా తిరగడానికి పిచ్చా అని ఆమె అడిగిన ప్రశ్నకు మా అత్తగారు కూడా అవునంటారు. చింతపిక్కల ఉపాయం మా అత్తగారికి ఎందుకు తోచిందో ఇప్పుడు అర్థమైంది. పిక్కలు ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మోస్తున్నాం కదా, అది ఒక పని.

చాందా వాసి (చంద్రపూర్)

ఒక చిన్న ప్రశ్న బాటసారి గారికి. అయిదున్నరకు కాలేజీ మైదానంలో నడుస్తున్నానని మొదటి సందేశంలో రాశారు. గిరి రోడ్డు నుంచి ఆ మైదానానికి ఎలా వెళ్తున్నారు?

గిరిరోడ్డు బాటసారి (బరంపురం)

స్కూటరు మీద.

ఎదురుమాట (ఛత్రపురం)

ఇక నేను ఏమీ అనను.

అంకెలవాడు (రాయగడ)

నవ్వుకున్నాం గాని, ఇందులో ఒక నిజమైన చిక్కు ఉంది. నేనూ రైల్వే స్టేషను వైపు మైదానానికి బండి మీదే వెళ్తాను. ఎందుకు అని నన్ను నేను అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఒకటి, చీకటి ఉండగా వీధి కుక్కలు. 2020లో హోటళ్లు మూసేసి కుక్కలు ఆకలితో అల్లాడినప్పుడు వాటికి తిండి పెట్టడానికి ఒడిశా ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి డబ్బు ఇవ్వవలసి వచ్చింది. ఆ కాలంలో ఖాళీ రోడ్లు వాటివయ్యాయి, ఒంటరిగా నడిచేవాడు వాటికి కొత్త. ఆ భయం నాలో మిగిలింది. రెండు, ఇంటికీ మైదానానికీ మధ్య రోడ్డు అంచున నడవడానికి జాగా లేదు. కాలిబాట ఉన్న చోట దాని మీద దుకాణం సరుకో, నిలిపిన బండో ఉంటుంది. మూడు, ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మైదానంలో నడిచినదే నా మనసుకు నడకగా లెక్క. దారిలో నడిచినది దారి ఖర్చు కింద పోతుంది.

మొదటి రెండింటికి ఎవరో ఏదో చేయాలి. మూడోది పూర్తిగా నాది. మునుపు పేరు లేకుండా జరిగిన నడకకు 2020 తరువాత పేరు పెట్టాం. పేరు పెట్టగానే దానికి ఒక చోటు, ఒక వేళ, ఒక వేషం వచ్చాయి. మిగిలిన కదలికంతా నడక కాకుండా పోయింది.

నూలుపోగు (షోలాపూర్)

సిద్ధేశ్వర చెరువు దగ్గర ఉదయం నడిచేవాళ్ల బళ్లు వరసగా నిలిపి ఉండడం మా వాళ్లు పనికి పోతూ చూస్తారు. మా అమ్మ ఒకసారి అడిగింది, "వీళ్లంతా ఎక్కడికి వెళ్తున్నారే?" అని. ఎక్కడికీ కాదమ్మా, చెరువు చుట్టూ తిరిగి మళ్లీ బండి దగ్గరికే వస్తారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి ఆకు తెచ్చిపెట్టమందామా?" అంది.

తెల్లకోటు (బరంపురం)

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు లేదు.

గిరిరోడ్డు బాటసారి (బరంపురం)

చాందా వాసి గారు ప్రశ్న వేసి నాలుగు రోజులైంది. ఈరోజు ఆదివారం కావడంతో స్కూటరు తీయకుండా, పట్టీని ఇంట్లోనే వదిలి, బడా బజారుకు సంచీతో నడిచి వెళ్లాను. మునుపు పావుగంటలో చేరేవాడిని, ఈరోజు అరగంట పట్టింది. నా కాళ్లు నెమ్మదించి కాదు. సందు మొదట్లో రెండు కార్లు ఎదురెదురుగా ఇరుక్కుని ఉన్నాయి, కాలిబాట మీద ఒకాయన ప్లాస్టిక్ బకెట్లు పేర్చాడు, దిగి రోడ్డు మీద నడిస్తే వెనక నుంచి హారను. అంకెలవాడు గారి రెండో కారణం నూటికి నూరుపాళ్లు నిజం.

మునుపు నేను కూరలు కొనే ముసలామె అక్కడ లేదు. ఆమె కొడుకు కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, అమ్మ పేరు చెబితే పట్టాడు. 2021లో పోయిందట. నాలుగేళ్లపాటు వారానికి మూడుసార్లు ఆమె దగ్గర కొన్నవాడిని, ఆమె పోయిన సంగతి ఇన్నేళ్లకు, నడిచి వెళ్లినందుకు తెలిసింది. గుమ్మం ముందుకు బండి తెచ్చే కుర్రవాడు ఈ కబురు నాకు ఎందుకు చెబుతాడు, వాడికి ఆమె ఎవరు?

వంకాయలు, ములక్కాడలు, కొత్తిమీర తీసుకున్నాను. కొత్తిమీర డబ్బులు అతను తీసుకోలేదు, వాళ్లమ్మ కూడా తీసుకునేది కాదు. తిరిగి వస్తుంటే సంచీ బరువుకు భుజం లాగింది. సగం దారిలో ఒక అరుగు కనిపించింది గాని దాని నిండా కుండీలే. లోపల ఉన్నాయన కిటికీలో నుంచి చూసి బయటికి వచ్చి, ఒక తులసి కుండీని పక్కకు జరిపాడు.

పంతులమ్మ గారు అడుగుతారని ముందే చెబుతున్నాను, ఎన్ని అడుగులు నడిచానో నాకు తెలియదు.